తీయనివ్వని పూత

ఫిబ్రవరి 7
కువైట్‌లో, ఈ కబ్ద్‌లో చలి ఇంకా పోలేదు. ఖర్జూరాలు పూత విప్పుతున్నాయి. ఇవాళ పదకొండు చెట్లు ఎక్కాను. పోతు చెట్టు పూరెమ్మలు కోయడం, ఆడ చెట్టు పూగుత్తిలో పెట్టి దారంతో వదులుగా కట్టడం... పన్నెండేళ్ళుగా ఇదే పని. తోట యజమాని కఫీల్ కింద నిలబడి నా చేతిలో బర్కత్ ఉందన్నాడు, చెయ్యి పెడితే పండుతుందని. ప్రతి ఏడూ అంటాడు, ప్రతి ఏడూ పొంగిపోతాను.
ఊళ్ళో మా పామాయిల్ తోటకిది నాలుగో ఏడు. మొదటి కోత.

ఫిబ్రవరి 8
రజిత ఫోన్. తోటల ఆఫీసు సారు వచ్చి చూసిపోయాడట. ఏమన్నాడంటే చెప్పదు. నా పెళ్ళాం మాట మింగిందంటే ఏదో ఉంది.

ఫిబ్రవరి 9
చెప్పింది. మొదళ్ళు లావెక్కలేదట. గెలలు పిడికిలంత, అందులో సగం కుళ్ళు. రెండేళ్ళపాటు పూత తీసేయమన్నాం కదా, ఎందుకు తీయలేదని సారు అడిగాడట.
"ఏం చెప్పినవ్?"
"మర్చిపోయిన అని చెప్పిన."
మరిచిపోలేదు. నేను తీయనివ్వలేదు. తప్పు తన నెత్తిన వేసుకుంది.

ఫిబ్రవరి 10
పనికి వెళ్ళాను. తిన్నాను.

ఫిబ్రవరి 13, శుక్రవారం
సెలవు. రాస్తే తప్ప తగ్గేలా లేదు.
నేను ఇటొచ్చాక ఆ రెండెకరాలు పడావు పడ్డాయి. నువ్వులు చల్లుకుంటానంది రజిత. సర్కారు బీడు భూముల్లో నూనె తోటలు పెట్టమంటోంది, మొక్కలిస్తోంది, డ్రిప్పిస్తోంది, పామాయిలే పెట్టమన్నాను. పెట్టింది. బస్సెక్కి శిక్షణకు వెళ్ళి నోటుబుక్కులో రాసుకొచ్చింది. రెండో ఏడు పూత రాగానే ఫోన్ చేసింది: తీసేయాలట, చెట్టు ముందు బలం పట్టాలట.
నాకు ఒళ్ళు మండింది. ఒక్కో పూగుత్తి కోసం నిచ్చెనెక్కేవాణ్ణి, నాకు చెట్ల సంగతి చెప్పొచ్చావా అన్నాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. అక్కడితో ఆగినా బాగుండేది. మాకు పిల్లల్లేరు. "కడుపు పండనిదానివి, పూత విలువ నీకేం తెలుసు" అన్నాను.
ఆ తర్వాత ఆమె పూత మీద చెయ్యి వేయలేదు.

ఫిబ్రవరి 14
గదిలో ఉండే గంగారాంకు తోట సంగతి చెప్పాను. ఆ మాట సంగతి చెప్పలేదు. నిజామాబాదువాడు, దాచుకోవడం రాదు. "ఫోన్ల ఎవుసం జేస్తే గిట్లనే అయితది" అన్నాడు. చాయ్ పోసిచ్చాడు. తాగలేకపోయాను.

ఫిబ్రవరి 16
రజిత ఫొటో పంపింది. గట్టు పక్కన ఒక్క సాలు. మొదళ్ళు ఇంతింత లావు, నిండు గెలలు. ఇవి మనవేనా అని అడిగాను.
మనవేనట. నేను తిట్టక ముందు రోజు ఆ సాలుకు పూత తీసిందట. ఆ తర్వాత కూడా వాటికి వచ్చిన పూత వచ్చినట్టే తీసేసిందట. వీడియోలో నాకు ఎప్పుడూ ఆ వైపు చూపించలేదు.
"మిగిలినయి గూడ ఎందుకు తియ్యకపోయినవ్?"
"నువ్వు ఆ మాట అన్నంక ఇంకో చెట్టు మీద చెయ్యి ఆడలే."
ఏడ్చాను. ఖర్జూరం మట్టల మధ్య, నిచ్చెన మీదే.

ఫిబ్రవరి 18
ఇవాళ నాలుగు చెట్లే. కఫీల్ ఏమైందన్నాడు. ఒంట్లో బాగాలేదన్నాను.

ఫిబ్రవరి 20, శుక్రవారం
ఫోన్ చేశాను. మిగతా చెట్లు ఉంచాలా, పీకాలా, అంతా నీ ఇష్టం అన్నాను. పీకించి నువ్వులే చల్లుతానంది, గట్టు పక్క సాలు మాత్రం ఉంచుతుందట. గొంతులో కోపం లేదు. అదే భయంగా ఉంది.
అప్పుడు అన్నాను: "ఆ మాట అనకుండ ఉండాల్సింది."
అవతల మోటరు చప్పుడు. రజిత అడిగింది —
"ఏ మాట?"
మరిచిపోయి అడగడం లేదు. ఏమన్నానో నా నోటితోనే చెప్పించాలని. నాకు నోరు రాలేదు. ఆమె ఫోన్ పెట్టేయలేదు. నేనూ పెట్టలేదు...