మూడో రెక్క

జానీ పాషా చాచాకు, సిద్దిపేట నుంచి సలాం.

మీరు చెక్కి పంపిన గాలిమర రెక్కలు మూడూ అందాయి. కాలేజీలో వాటి వీపున ఉన్ని దారాలు అంటించి, పెద్ద ఫ్యాన్ ముందు పెట్టాను. చదునుగా ఉన్న రెండింటి మీద దారాలు పైకి లేచి కొట్టుకున్నాయి. గాలి రెక్కను అంటుకోకుండానే పోతోంది, అలాగైతే మర సరిగా తిరగదు. మూడోదాని మీద మాత్రం దువ్విన జుట్టులా అణిగి ఉన్నాయి.

"చెయ్యి నొప్పి వెట్టింది బిడ్డా, దాని ఉబ్బు తీయలేకపోయిన, మాఫ్ చెయ్యి" అని మీరు ఫోన్లో అన్నది ఆ రెక్క గురించే.

ఆ ఉబ్బు నేను గీసిచ్చిన బొమ్మలో ఉన్నదే, చాచా. వంకర పని మీ చేతి మీదుగా పోకూడదని మిగతా రెండూ చదును చేశారు.

సోమవారం గాలిమరను సార్లకు తిప్పి చూపాలి. చెయ్యి నొప్పి తగ్గితేనే, అలాంటివి ఇంకో రెండు చేయండి. ఈసారి మాఫీ అడగొద్దు.