బిగించిన పన్ను

జబీన్ ఆపాకు నీ చెల్లెలి సలాం.

నాది ఐదో తరగతి చేతిరాత, తప్పులుంటే ఏమనుకోకు. ఫోన్‌లో చెబుదామంటే అత్తమ్మ పక్కనే ఉంటుంది.

మీ మరిది పోయినేడు కొంపల్లిలో దవడకు మర బిగించి పన్ను పెట్టించుకున్నాడు కదా. "గది పుచ్చదే పిచ్చిదానా, తోముడెందుకు?" అంటాడు. ఇప్పుడు దాని చుట్టూ చిగురు వాచి చీము కారుతోంది. నోరు తెరిస్తే కుళ్లిన మాంసం కంపు.

మొన్న అందరం దస్తర్‌ఖాన్ పరుచుకుని తినడానికి కూర్చున్నప్పుడు, ఆయన సగం కొరికిన మాంసం ముక్కను ప్రేమగా నా నోట్లో పెట్టాడు. దానికి చీము అంటి ఉంది. పెరట్లోకి పరుగెత్తి కక్కేశాను.

అత్తమ్మ మురిసిపోయింది. "అల్లా మన మొర ఇన్నడు! అరే వహాబ్, జల్దీ పోయి మిఠాయి పట్కరా!" అని ఆయన్నే తరిమింది. వాడకట్టంతా లడ్డూలు పంచారు. సిగ్గుతో నిజం చెప్పలేకపోయాను. ఆయనేమో ఇంకా దగ్గరికొచ్చి, ఆ నోటితోనే నవ్వుతున్నాడు. నాకు మళ్లీ వాంతి వస్తోంది, వాళ్లు మళ్లీ మురుస్తున్నారు.

ఆదివారం శామీర్‌పేటకు రా ఆపా. నువ్వే కనిపెట్టినట్టు అడిగి, ఆయన్ని పళ్ల డాక్టరు దగ్గరికి పంపు. కడుపు కాదన్న సంగతి అత్తమ్మకు నేనే చెప్పుకుంటాను.

చదవగానే దీన్ని పొయ్యిలో వెయ్యి. ఆయన కంటపడితే, నోరు బాగయ్యాక కూడా నాకు ముద్ద పెట్టడు.