ఇంట్లో ఎవరికైనా ఉండిందా?

హిందూపురం,
ఆదివారం.

తమ్ముడు రామచంద్రకు అన్న ఆశీస్సులు. ఇక్కడ మీ వదిన, పిల్లలు కులాసా. ధర్మవరంలో నువ్వు, మరదలు నాగమణి బాగున్నారని, మగ్గం పని సవ్యంగా సాగుతోందని తలుస్తాను. నా సంగతి మాత్రం నిదానంగా చదువు.

పెనుకొండకు, బెంగళూరుకు ఎందుకు తిరుగుతున్నావని పోయిన ఉత్తరంలో అడిగావు. స్థలం కొంటున్నానేమో అనుకున్నావు. ఆస్పత్రులకురా. ఫోన్లో చెప్పడానికి నోరు రాలేదు.

మూత్రం ధార సన్నబడిందని ఇక్కడ చూపించుకుంటే రక్తం తీసి, ప్రోస్టేట్ గ్రంథి సంగతి చెప్పే పీఎస్‌ఏ కొంచెం ఎక్కువుంది, వయసుకు మామూలే అన్నారు. పెనుకొండ డాక్టరు వెనకనుంచి వేలితో తడిమి, గడ్డేమీ తగల్లేదన్నాడు. రక్తం కాగితం చూపిస్తే, "ఇన్ఫెక్షన్ ఉన్నా పెరుగుతాదప్పా, మాత్రలు మింగు" అని పక్కన పెట్టేశాడు. మూడోచోట స్కానింగ్ తీసి, ప్రోస్టేట్ గ్రంథి ఉబ్బింది, అంతే అన్నారు. ఎవరి కాగితం వాళ్లదే! ఏడు నెలలు ఆ కాగితాల కవరు చంకన పెట్టుకుని బస్సులెక్కి దిగాను. విసుగంతా అంగడికొచ్చిన వాళ్ల మీద, మీ వదిన మీద చూపించాను.

చివరికి బెంగళూరులో కమలాక్షి అనే డాక్టరమ్మ, మన మడకశిర వైపు మనిషే, కాగితాలన్నీ బల్ల మీద పక్కపక్కన పరిచింది.

"ఒక్కో పరీక్ష ఒక్కో ముక్కే చెప్తాదప్పా. అన్నీ కలిపి చూస్తేనే తెలిసేది. మీ ఇంట్లో ఎవరికైనా ఉండిందా ఈ జబ్బు?"

"లేదు మేడమ్."

"మీ నాయన దేంతో పోయినాడు?"

"ఎముకల జబ్బు."

"ఎముకలకు యాడ్నుంచి పాకింది?"

నేను కాగితాలు మళ్లీ కవరులో సర్దబోయాను. ఆమెకు అర్థమైంది. ఎమ్మారై తీయించింది, గ్రంథి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. క్యాన్సరే. గ్రంథి దాటలేదు, నయమవుతుంది అంది. వచ్చే నెల ఆపరేషన్.

ఇక నీకు చెప్పని మాట. మూడేళ్ల కిందట నాయనను చూసిన డాక్టరు నన్ను పక్కకు పిలిచి, "ఇది ప్రోస్టేట్ క్యాన్సరు. కొడుకులిద్దరూ పరీక్షలు చేయించుకోండి" అన్నాడు. ఆ పేరు పలికితే అది మన ఇంట్లోనే కాపురం పెడుతుందని భయపడ్డాను. నీకు ఎముకల జబ్బని చెప్పాను. ఈ డాక్టర్లందరూ అదే ప్రశ్న అడిగారు, అందరికీ లేదన్నాను. వాళ్లను తిట్టుకుంటూ తిరిగానే గాని, వాళ్లకు అందాల్సిన ముక్క నేనే మింగేశాను.

రాత్రి మూత్రానికి మూడుసార్లు లేస్తున్నానని నువ్వు రాసింది చదివినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. నీకిప్పుడు నలభై తొమ్మిది. నొప్పి లేదు గదా అంటావు. నాకూ లేదురా.

గురువారం పొద్దున నేనే ధర్మవరం వస్తాను. ఇన్నాళ్లు దాచినందుకు నాగమణి ముందే తిట్టు, పడతాను. తిట్టాక నాతో బెంగళూరు బస్సెక్కు.

ఇట్లు,
తెలిసీ చెప్పని నీ అన్న,
అమర్‌నాథ్