తీగది తప్పు కాదు

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నువ్వున్నప్పుడు పొద్దుగూకగానే రేడియోలో సిలోను స్టేషను పాట గాలిలో దీపంలా ఊగిపోయేది. నువ్వు మిద్దెక్కి, వెదురుగడకు కట్టిన ఏరియల్ తీగను అటూ ఇటూ తిప్పేవాడివి. కింద నుంచి నేను "వచ్చిందన్నా" అనేదాకా దిగేవాడివి కాదు. మన చింతామణి ఊరి బజారంతా నవ్వేది. నేనూ విసుక్కునేదాన్ని.

ఈ సాయంత్రం హైస్కూలు సైన్సు మేష్ట్రు మన అంగడికి వచ్చి చెప్పారు.

"ఆకాశంలో కరెంటు పొర ఒకటి ఉండాదమ్మా. రేడియో పాట దానికి తగిలే మన దాకా వస్తాది. ఉపగ్రహాలతో దాన్ని పైనుంచి చూస్తాండారు. మిగతా దేశాల మీద ఒక తీరు, మన దిక్కు ఇంకో తీరంట. పొద్దుగూకితే ఇక్కడ పాల మాదిరి పైకి పొంగుతాదంట. అందుకే పాట ఊగేది. మీ అన్న తిప్పతాండిన తీగది తప్పేం లేదు."

రోజూ మన మిద్దె మీద ఆకాశమే పొంగుతుంటే, దాని కింద నువ్వు వెదురుగడ పట్టుకుని నిలబడ్డావు.

ఇందాక మళ్లీ పాట ఊగింది. తీగది తప్పు కాదని తెలిసీ మిద్దెక్కి తిప్పాను. కాసేపటికి పాట తేరుకుంది. కింద నుంచి చెప్పేవాళ్లు లేరు. పైకి చూసి నేనే అన్నాను, "వచ్చిందన్నా."