మోకాలి మీద నా చెయ్యి

అక్కా,

మంగళవారం ఉదయం ఆరూ నలభైకి, పద్మాసనంలో నేను నొక్కడం వల్ల మా యోగా క్లాసుకొచ్చే దర్జీ ఆవిడ మోకాల్లో లిగమెంటు తెగింది. "అమ్మో, చాలు మేడమ్!" అందావిడ. "ఇంకొంచెమేనండీ, బద్ధకమా?" అన్నాను. మన ఒంటినైనా ఎదుటివాళ్లనైనా హింసించకూడదని అంతకు పది నిమిషాల ముందే పాఠం చెప్పాను.

ఆవిడే తొందరపడిందని రాసి సంతకం పెట్టమంటున్నారు సెంటర్ యజమాని. పెట్టకపోతే ఉద్యోగం ఉండదు.

రెండు రోజులు అన్నం మానేశాను. ఫోన్లో ఆ మాట చెబితే ఆవిడ, "మీరు పస్తుంటే నేను మిషను తొక్కగలనా? తినండి. తిని, జరిగింది జరిగినట్టు రాయండి" అంది.

ఇప్పుడే తిన్నాను, సయించలేదు. రేపు తొమ్మిదింటికి నిజం రాసిన కాగితం యజమానికిస్తాను. పదింటికి ఆవిడ మోకాలికి ఆపరేషన్.

నీ చెల్లెలు