అత్తగారిదైతే పద్ధతి

జూన్ 9, సోమవారం

అత్తగారు తేల్చేశారు. పదిహేడో తేదీ మంగళవారం పాపని బుచ్చయ్యపేట తీసుకెళ్లాలట. అక్కడెవరో ముక్కులో ఆకుపసరు పోస్తాడట. మూడు మంగళవారాలు పోస్తే చేతులాడించడం మానేసి, అందరు పిల్లల్లా కళ్లలోకి చూసి మాట్లాడుతుందట. "ఆటో మాటాడేసేను. జబ్బు ముదరనియ్యకూడదు."

జబ్బు! ఆరేళ్ల పిల్ల. సంతోషమొస్తే చేతులాడిస్తుంది. మిక్సీ వేస్తే చెవులు మూసుకుంటుంది. వైజాగ్ డాక్టరమ్మ చెప్పింది కదా — ఆటిజం, జబ్బు కాదు, ఈ పిల్ల తీరే ఇంత అని. ఎవరు విన్నారు?

జూన్ 10

ఆయనతో మొత్తుకున్నాను. సెల్ చూసుకుంటూనే — "పసరే కదే, విషమేటీ కాదు కదా." బెల్లం మార్కెట్‌కి వెళ్లిపోయాడు. ఈ తల్లీకొడుకుల పని చెప్తాను.

జూన్ 11, బుధవారం

పొద్దుట్నుంచీ అత్తగారినే చూస్తున్నాను. కక్షతోనే.

అన్నానికి పప్పు తగలకూడదు. పీట గోడవైపే ఉండాలి. ఆ సొట్ట గ్లాసులోనే నీళ్లు. కుక్కర్ కూతేస్తే పెరట్లోకి పరుగు. ఎవరి ముఖంలోకీ చూడరు — కొంగు నలుపుకుంటూ మాట్లాడతారు. వీధంతా ఏమంటుంది? పద్ధతి మనిషి. ఎంత నిష్ఠో!

ఆవిడదైతే పద్ధతి. నా పిల్లదైతే జబ్బు.

జూన్ 13

రేపు కశింకోట నుంచి వదిన వస్తోంది. మంచిది... తల్లి సంగతి కూతురు కూడా చూడాలి.

జూన్ 14, శనివారం

చేసేశాను.

గ్లాసు అటకెక్కించాను. పీట తీసేసి వీధివైపు కుర్చీ వేశాను. అన్నంలో పప్పు కలిపేసి పెట్టాను. వంటింట్లో మిక్సీ ఆన్.

ఆవిడ కంచం ముందు నిలబడిపోయారు. "నా పీటేదే... నా గలాసేదే..." చేతులు చెవుల మీదికి పోయాయి. ముందుకీ వెనక్కీ ఊగుతున్నారు. వదిన కంగారుగా — "అమ్మా, ఏటైందే?"

"ఏటీ లేదొదినా. మీ అమ్మకీ జబ్బే. మంగళవారం అదే ఆటోలో ఈవిడ్నీ తీసుకెళ్లిపోదాం."

హాయిగా ఉంది. రాయడానికి సిగ్గు లేదు, హాయిగానే ఉంది.

మూల కూర్చున్న పాప లేచింది. చెవులు మూసుకునే వెళ్లి, మోచేత్తో మిక్సీ స్విచ్ ఆపింది. పీట ఈడ్చుకొచ్చి గోడవైపు వేసింది. నానమ్మ కూర్చుంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

మిక్సీ వేసేటప్పుడు పాప చెవులు నాకు గుర్తే రాలేదు.

జూన్ 16, సోమవారం

ఇవాళ పెరట్లో అత్తగారు బట్టలారేస్తూ, తీగతో చెబుతున్నట్టు — "సిన్నప్పుడు నాకూ పోసేరే పసరు. మాడుగుల్లో. మంట... ఊపిరాడనేదు."

ఒళ్లు మండింది. "మరి తెలిసీ దానికెందుకు పోయిస్తానంటారు?"

చీర మడత సరిచేశారు. "నాకు తగ్గిపోయిందనుకున్నానే. మొన్నటిదాకా."

జాలేసింది. జాలేసినందుకు ఇంకా కోపం.

ఆటో రేపు ఎనిమిదింటికి. ఆవిడింకా వద్దని చెప్పలేదు. పాపని గుమ్మం దాటనివ్వను, అది ఖాయం. కానీ నేను చెప్పను. వద్దని ఆవిడే చెప్పాలి, వీధిలో నిలబడి, అందరూ వినేలా.