నాన్న స్వెటర్ ఎడమ చెయ్యి

అమ్మా,

నా దగ్గు తగ్గింది, దిగులు పడకు. ముప్పై ఏళ్లకి నాన్న జాడ తెలిసిందమ్మా! యుద్ధంలో ఆయన బాంబర్ విమానం కూలినచోట ఊరివాళ్లు ఐదుగురినీ సమాధి చేశారు. నలుగురి పేర్లున్నాయి, ఐదో రాయి మీద ‘ఎవరో తెలియదు’ అని ఉంది. ఇవాళ రికార్డు గదిలో ఆనాటి డాక్టరు రాసిన కాగితం దొరికింది: “ఐదో మనిషి. చేత్తో అల్లిన నీలం స్వెటర్. ఎడమ చెయ్యి మూడంగుళాలు పొడుగు.” గుమాస్తాలు ఉలిక్కిపడేలా “మా అమ్మ అల్లికే!” అని అరిచాను.

నాన్న ఆ స్వెటర్ వేసుకున్న, మనం చూసి నవ్వుకునే ఫోటో వెంటనే రిజిస్టరు పోస్టులో పంపు. అది చూస్తే ఆ ఐదో రాయి మీద నాన్న పేరు చెక్కిస్తానని ఇక్కడి ఆఫీసరు మాటిచ్చాడు. వంటింటి కప్పు కారడం ఆగిందా? నాన్న ఎక్కడో ఇంకో కాపురం పెట్టుంటాడన్న పెద్దమ్మకి ఈ కార్డు గట్టిగా చదివి వినిపించు.

నాకూ ఒకటి అల్లమ్మా. ఎడమ చెయ్యి మాత్రం సరిచెయ్యకు.

నీ పెద్దాడు